ముప్పై ఒకటో ప్రశ్న

ఫర్వానియాలో మా ఆస్పత్రి, మూడో అంతస్తు.
కిటికీ అవతల దుమ్ము,
మిట్టమధ్యాహ్నం దీపాలేసుకుని పాకుతున్న కార్లు.
నా పని చిన్నది:
పిల్లల ఉమ్మి పట్టిన గొట్టాలకు నంబర్లు అతికించడం,
తల్లులు చెప్పింది గళ్ళల్లో నింపడం,
ఏడాదప్పుడు, మూడేళ్ళప్పుడు, ఐదేళ్ళప్పుడు
అవే పిల్లల్ని మళ్ళీ పిలవడం.

దిగులు ఏ నెలలో మొలకేస్తుందో
పట్టుకు తీరాలని డాక్టర్ లుల్వా పంతం.
"పెద్దయ్యాక వచ్చే జబ్బు పెద్దయ్యాక పుట్టదు" అంటుంది
ఖర్జూరం గింజని అరచేతిలో దొర్లిస్తూ.
తలూపుతాను. రాయచోటిదాన్ని.
నేల లోపల ఏముందో తెలీకుండా
బోర్లు వేసేవాళ్ళని చూస్తూ పెరిగాను.

రెండువందల పద్నాలుగో నంబరు, మిషారి.
ఐదేళ్ళు. బళ్ళో నోరు విప్పడు.
అరబ్బీలో విప్పడు, ఇంగ్లీషులో విప్పడు.
చెవులు బాగున్నాయి, స్కాన్ బాగుంది.
బొమ్మ కార్లన్నీ తలుపు వైపు తిప్పి పెడతాడు.
అంతే.

పదిహేడో ప్రశ్న: మొదటి మాట ఏది? ఎన్నో నెలలో?
తల్లి ఫోనులో వెతికి, పైకప్పులో వెతికి,
"యుమ్మా... అనుకుంటా" అంది.
ఆ "అనుకుంటా"కి మా కాగితంలో గడి లేదు.
ముప్పై ఒకటో ప్రశ్న:
పెంచే మనిషి రెండు వారాలకు మించి దూరమైందా?
"ఒక్క రాత్రి కూడా వదల్లేదు."
ఆమె కళ్ళు తడిశాయి. అబద్ధం కాదది.
'లేదు' దగ్గర టిక్కు పెట్టాను.

తల్లిని లుల్వా లోపలికి పిలిచింది.
గదిలో నేనూ, వాడూ, ఏసీ మోత.
చేతిలోంచి గొట్టం జారితే
"అయ్యో" అన్నాను, నాలో నేనే.
వాడు గిరుక్కున తిరిగాడు.
నా నోటికేసి చూశాడు,
అక్కడేదో పారేసుకున్నట్టు.
చాలాసేపటికి, గొణుగుతూ,
"ఎల్లొత్తానంది" అన్నాడు.

సీమ చెవికి కూడా తెలుస్తుంది,
గోదారి లంకల యాస అది.
ఎవరు నాన్నా?
"సువార్త."

తల్లిని అడిగితే, "పనమ్మాయా? మంచి పిల్ల.
వీసా అయిపోయింది. జీతం బాకీ లేకుండా ఇచ్చాం."
వాడికప్పుడు మూడేళ్ళు నిండలేదు.
మిగతాది నేనే ఊహించుకున్నాను:
జిప్పు ఊడిన సంచి, కింద టాక్సీ హారను,
గుమ్మంలో ఒంగి వాడి నెత్తి వాసన చూసిన మనిషి.

మనం గుమ్మంలో "పోతున్నా" అనం. అంటే కీడు.
చావింట్లో తప్ప
ఎక్కడైనా వెళ్ళొస్తాననే అంటాం.
ఆ మాటలో సగమే నిజమని
పెద్దవాళ్ళం, మనకి తెలుసు.
వాడికెవరూ చెప్పలేదు.
వాడు వ్యాకరణాన్ని నమ్మాడు.
వెళ్ళడం, రావడం. రెండు క్రియలు.
ఒకటి అయిపోయింది.
రెండోదాని కోసం కార్లన్నీ తలుపు వైపు.

లుల్వా గింజ దొర్లించడం ఆపింది.
"ఒక్క మాట జబ్బు తేదు" అంది.
"నెత్తుట్లో ఏం వచ్చిందో చూడాలి,
కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఏం పడిందో చూడాలి."
నిజమే. నేను వాదించలేదు.
కాసేపాగి తనే అడిగింది,
మన వెయ్యి ఫైళ్ళలో ఎన్ని ఇళ్ళలో
బిడ్డను ఎత్తుకున్న చేతుల పేరు రాసుకున్నాం?
పెన్సిలు తీసి, టిక్కు పక్కన మార్జిన్లో
తెలుగులోనే రాశాను: సువార్త.
కంప్యూటరు దాన్ని తీసుకోదు.

వాళ్ళు లిఫ్టు దగ్గర నిలబడ్డారు.
పుట్టినప్పటినుంచీ అలవాటైన మాట
నాలుక చివరిదాకా వచ్చింది.
మింగాను.
"మంగళవారం పదింటికి. నేనిక్కడే ఉంటా."
వాడేం అనలేదు. తలుపులు మూసుకున్నాయి.

ఆ మంగళవారం దుమ్ము తుపాను.
బళ్ళు మూశారు, రోడ్లు మూశారు, ఎవరూ రాలేదు.
పదయింది.
నేనక్కడే ఉన్నాను.