తరుగు

కెరిచో కొండల మీద, మూడు గంటల వానకు ముందు,
తేయాకు కొనే రేకుల షెడ్డులో
కాటా పట్టేవాణ్ణి నేను.
తొమ్మిదేళ్ళుగా ఆ కొక్కేనికి సంచులు తగిలిస్తున్నాను.

ముల్లు అబద్ధమాడదు.
సంచి అడుగున ఆనించిన నా బొటనవేలు ఆడుతుంది.
సంచి బరువు అరకిలో, నేను తీసే తరుగు రెండు.
తడి ఉంది, కాడ ఉంది, ముదురాకు ఉంది అంటాను.
నవ్వుతూ అంటాను.
నవ్వు కలిపితే తరుగు కనబడదు.
దొంగ తూకం దేవుడికి గిట్టదని అమ్మ చెప్పేది.
దేవుడు టీ షెడ్డుకు రాడనుకున్నాను.

తాప్‌కిగెన్ అరవై రెండో ఏట అక్షరాలు దిద్దింది.
మనవరాలి ఒకటో తరగతి వాచకం, కిరసనాయిలు దీపం,
చివుళ్ళు గిల్లి గిల్లి నల్లబడిన వేలు.
లేఖనం తెరిచి కూడబలుక్కుంటుంది,
రెండాకులూ ఒక మొగ్గా గిల్లినట్టే,
ఒక్క మాట మీద ఒక్కో సాయంత్రం.

ఆ ఆదివారం నకూరు నుంచి ఒకాయన వచ్చాడు.
తెల్ల బూట్లు. మా ఎర్రమట్టి కూడా వాటికి జంకింది.
నీలం మూతల సీసాల్లో నీళ్ళు,
ఒక్కోటి ఐదువందల షిల్లింగులు.
అప్పులపాలైన విధవరాలి కథ చదివాడు:
ఇరుగు పొరుగు పాత్రలు తెచ్చుకుందట,
ఉన్న కాస్త నూనె పొంగి అన్నిటినీ నింపిందట.
టప్పున మూశాడు గ్రంథం.
"మీ పాత్రలు తెండి" అన్నాడు.
"పాత్రంటే పర్సే" అని నవ్వాడు.

ఆ నవ్వు నాకు తెలుసు.
వెనక బల్ల మీద కూర్చున్న నాకు
జేబులో బొటనవేలు ఉలిక్కిపడింది.
ఎక్కడ ఆనించాడో, ఎంత లేపాడో
అంత మందిలో నాకొక్కడికే కనబడింది.
చెప్రోటిచ్ దూడ నమ్మిన డబ్బు
లేసో గుడ్డ ముడి విప్పి లెక్కపెడుతోంది.
అందరూ చేతులెత్తారు.
నేను నోరెత్తలేదు.

తాప్‌కిగెన్ లేచింది.
కళ్ళజోడుకు ఒక కాలే ఉంది, రెండో వైపు ఉన్ని దారం.
"అయ్యా, కాస్త ఆగండి. నేను మెల్లగా చదువుతాను.
నా వేలింకా కథ చివరికి రాలేదు."

గుడి మొత్తం ఆ వేలి కోసం ఆగింది.
రేకు మీద చినుకులు మొదలయ్యాయి.
ఎవరిదో పసిబిడ్డ తుమ్మింది.
"నూనె అమ్ముకోమన్నాడు...
అప్పు తీర్చుకోమన్నాడు...
మిగిలిన దాంతో పిల్లలూ నువ్వూ బతకమన్నాడు."
తలెత్తి అడిగింది, కోపం లేకుండా,
నా దగ్గర రసీదు అడిగే గొంతుతోనే:
"ఆ ప్రవక్త ఎంత పుచ్చుకున్నాడయ్యా?
నా దాంట్లో రాసి లేదు. మీ దాంట్లో ఉందా?"

ఆయన దాంట్లోనూ లేదు.
వాక్యం నిండుగానే ఉంది,
తరుగు తీసింది ఆయన గొంతు.

సోమవారం నా ముందుకొచ్చింది.
సంచి కొక్కేనికి తగిలించబోతూ ఆగింది.
గొంతుక్కూర్చుని మూతి విప్పి, అడుగు నుంచి
తడిపిన ఆకు రెండు దోసిళ్ళు తీసి
పక్కన పోసింది.
"నువ్వు వేలు పెడతావని నేను నీళ్ళు చల్లేదాన్ని.
రాత్రి చదువుతుంటే
నా వేలు నా మీదే ఆగింది, కిమైయో.
ఎంత లాగినా కదలనంది."

నా చేయి సంచి కింద ఉంది.
తీశాను.
ముల్లు ఊగి ఊగి పదిహేడు దగ్గర నిలిచింది.
సంచికి అర తీసి పదహారున్నర రాశాను.
ఆమె రసీదు చదువుకుంది, వేలు పెట్టి,
అంకె దాటి, తేదీ దాటి, నా సంతకం దాకా.

వరసలో ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు.
తొమ్మిదేళ్ళ పద్దు పుస్తకాలు బీరువాలో ఉన్నాయి,
తాళం నా దగ్గరే.
వాన పెద్దదైంది.
తర్వాతి సంచి తగిలించమన్నాను.