రివెట్ల మధ్య ఎడం

ఒగల్లాలా ఊరి బయట, గోధుమ కోసేసిన మోళ్ళ మీద
డెబ్భై పాత ట్రక్కులు, ఆగస్టు ఎండలో.
అందరూ వాటి మూతులు చూస్తూ తిరుగుతారు.
మూతి చూసి కంపెనీ పేరు చెప్పడం
నెబ్రాస్కాలో పాలుతాగే పిల్లలకైనా వచ్చు.
నేను చూసేది సీటు వెనకాల తగిలించిన పడకపెట్టెని.

ఫ్యాక్టరీలో పుట్టిందా, ఎవరి షెడ్డులోనైనా పుట్టిందా?
కళ్ళు మూసుకుని రేకు మీద వేలు నడిపిస్తాను.
ఫ్యాక్టరీ రివెట్లు బడిలో ప్రార్థనకు నిలబడ్డ వరస.
షెడ్డు రివెట్లు చీకటి పడేవేళ దొడ్డికి తోలుకొస్తున్న మేకలు:
రెండు దగ్గరగా, ఒకటి దూరంగా,
ఒకటి ఎటో చూస్తూ.
పడవలు కట్టేవాడు ట్రక్కుకి పెట్టె కడితే
మూల అన్నది ఉండనివ్వడు, అంతా గుండ్రం చేస్తాడు.
జీనులు కుట్టేవాడు మెత్త కుడితే
దారం ఏటవాలుగా దిగుతుంది.
నలభై ఏళ్ళు రేకు వంచి బతికాను.
అంచు మడత చూసి ఏ ఊరి సుత్తో చెప్పేస్తాడని
నాకో పేరు.
పెట్టుకున్నది నేనే అనుకోండి.

మధ్యాహ్నం లమోయిన్ హావ్లిచెక్
యాభై ఆరు నాటి కెన్‌వర్త్‌ని దుమ్ములో తెచ్చి ఆపాడు.
"చెప్పండి చూద్దాం" అన్నాడు, దిగకుండానే.

దాని వీపు మీదున్న పెట్టెని
ఏ కేటలాగులోనూ చూడలేదు నేను.
గోడలు నాలుగంగుళాల మందం.
కప్పు మీద రొట్టె పొంగినట్టు ఒక ఉబ్బు.
కిటికీ ఒక్కటే, అరచేతంత,
అదీ పరుపుకు జానెడు ఎత్తులో.
పేరు పలక ఎప్పుడో ఊడిపోయింది. రెండు బెజ్జాలు మిగిలాయి,
పాము కాటులా.

ఓర్వల్ డ్రీసెన్ "కాలిఫోర్నియా పని" అన్నాడు.
ఏది చూపించినా వాడిది అదే మాట.
యుద్ధమయ్యాక విమానాల షెడ్డులోంచి బయటపడ్డ
ఖాళీ చేతుల పని అన్నాడు ఇంకొకాయన.
నేను శవపేటికల దుకాణం అన్నాను.
ఆ కాలపు డ్రైవర్లు ఇరుకు పెట్టెల్ని అలాగే పిలిచేవాళ్ళు,
నవ్వుతూనే,
రాత్రి రెండింటికి అందులోకి పాక్కుంటూ పోయేముందు.
మందపు గోడ, లోపల మెత్త, ఇత్తడి గొళ్ళెం:
ఇంకేం కావాలి? కాఫీ పందెం కాశాను.
రివెట్టు రివెట్టుకీ టేపు పెట్టి కొలిచాం.
గంటన్నర.

"కోడిగుడ్డుకు ఈకలు పీకుతున్నారు" అంది ట్విలా కుడ్ర్నా,
లమోయిన్ మేనత్త, ఎనభై మూడేళ్ళు.
చెప్పులు విడిచి, ఎవర్నీ చెయ్యి అడక్కుండా
పెట్టెలోకి దూరింది.

కాసేపు ఏ చప్పుడూ లేదు.
ఆ అరచేతి కిటికీలో ఆవిడ కన్ను ఒక్కటే కనపడింది.
తరవాత గొళ్ళెం ఎత్తి దించిన చప్పుడు, మూడుసార్లు.

"ఇది గుడ్లు పొదిగించే పెట్టె" అంది లోపల్నించి.
"పద్నాలుగో ఏట హ్యాచరీలో పని చేశాను.
రోజుకు మూడుసార్లు గుడ్లు తిప్పేదాన్ని. ఇదే గొళ్ళెం.
ఎత్తినప్పుడల్లా చిటికెనవేలు నలిగేది. ఇప్పుడూ నలిగింది.
పైన ఉబ్బు ఆవిరి పోవడానికి.
కిటికీ, లోపల ఎవరైనా పెంకు పగలగొడుతున్నారేమో చూడ్డానికి.
గోడల్లో ఉన్ని కూరేవాళ్ళు.
ఇంజను ఆపేసినా, జనవరిలో కూడా,
వాడికి వెచ్చగా ఉండి ఉంటుంది."

వాడెవడో ఆవిడకీ తెలియదు.
ఓర్వల్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.
నేను కాఫీ కొన్నాను. చల్లారిందే ఇచ్చారు.

నోటుబుక్కులో "తయారీ" అన్న చోట ఏం రాయను?
కోళ్ళవాళ్ళు అని రాసి, కొట్టేసి,
కొలతలు మాత్రం ఉంచాను:
ఒకటింపావు, ఒకటిన్నర, ఒకటింపావు, రెండు.

జనం పల్చబడ్డాక నేనూ దూరాను.
కాళ్ళు చాపితే గోడ తగిలింది.
ఆ డ్రైవరు నాకంటే పొట్టి అయినా అయ్యుండాలి,
అలవాటైనా పడి ఉండాలి.
మోకాళ్ళు గడ్డం దాకా ముడుచుకుంటే గానీ నేను పట్టలేదు.
బయట ఎవరో కిటికీకి కన్ను ఆనించారు,
చూశారు,
ఇంకా వేళ కాలేదన్నట్టు వెళ్ళిపోయారు.