ఎనిమిది వేల చుట్లు

బోరు మోటర్లు చుట్టుడు నా పని.
ములుగు రోడ్డు మీద రేకుల షెడ్డు.
మార్చి వచ్చిందంటే కాలిపోయిన మోటర్లు
దవఖానల రోగుల లెక్క వరుసగ పంటయి.

మొన్న డీజిల్ కాలనీ సాలొమన్ వచ్చిండు,
గిటారు కడుపుల నుంచి ఊడదీసిన ముక్కను
దస్తీల చుట్టుకొని.
"ఓదెలన్నా, ఇది మాట్లాడుతలేదు."

చూస్తే ఏమున్నది?
ఆరు అయస్కాంతపు మొలలు, చుట్టూ రాగి.
మోటరుకు చిన్నమ్మ కొడుకే.
అది కరెంటు తాగి తిరుగుతది,
ఇది ఉక్కు తీగ వణుకును తాగి
కరెంటు కక్కుతది.

రాగి మాత్రం మా బిడ్డ వెంట్రుక కంటె సన్నం.
రెండుసార్లు తెగింది. తిట్టుకున్న.
మూడోసారి ఊపిరి బిగవట్టి
కుట్టుమిషను మోటరుకు ఎక్కించిన.

ఎన్ని చుట్లు?
"ఎక్కువైతే గొంతు బలుస్తది, మబ్బు గూడ పడతది.
తక్కువైతే స్టీలు గిలాస లెక్క మోగుతది.
ఎనిమిది వేల కాడ ఆపు."

పాత టేప్‌రికార్డరు మీటరు పెట్టి లెక్కవెట్టిన.
వెయ్యికోపాలి అది సున్నకొస్తది,
గోడ మీద బొగ్గుతోని గీత కొట్టాలె.
నడుమ కరెంటు పోయింది.
ఏడు గీతలా, ఎనిమిదా?
మిగిలింది చేత్తోనే తిప్పిన,
పొర మీద పొర అడ్డదిడ్డం.
ముప్పై ఏండ్లల్ల నా వరుస తప్పుడు అదే మొదలు.
సిగ్గయింది, చెప్పలే.

సాలొమన్ బిగించి ఒక తీగ మీటిండు.
మల్లొకటి.
"గింత తేటగ ఎన్నడు పలకలేదన్నా!"
వరుస తప్పిన కాడ సందు ఉంటదట,
సన్నని స్వరాలు ఆ సందుల నుంచి
తప్పించుకొని వస్తయట.

కింద మాత్రం ఒకటే జుమ్మని రొద.
షెడ్డు ముందటి ట్రాన్స్‌ఫార్మరుది.
చెవితోని కాదు, రాగితోని వింటున్నది గిటారు.
"ఇంకో కాయిలు ఉల్టా చుట్టి జోడిస్తే
ఒకదాని రొద ఒకటి మింగుతది, చుట్టాల్నా?"
"వద్దు. రొదతోని కొంచెం తేట గూడ పోతది."

ఆదివారం ఫాతిమానగర్ చర్చి బయట
బండి మీద కూసొనే విన్న.
పాట నాకు తెల్వది.
చుట్లు తెలుసు.
సౌండు పెంచంగనే గిటారు కేక వెట్టింది,
పాలకేడ్చే పిల్ల లెక్క.
ఫాదరు తిరిగి చూసిండు.

కాయిలును మైనంల ముంచుడు మర్చిన.
ముంచకపోతే రాగి గూడ వణుకుతది,
తన వణుకు తనే విని అరుస్తది.

సోమవారం రమ్మన్న.
వచ్చేటప్పుడు చర్చిల మిగిలిన
కొవ్వొత్తి ముక్కలు పట్టుకరమ్మన్న.