చిల్లులు

పంటు సఖినేటిపల్లి ఒడ్డున ఉన్నంతసేపూ
నర్సాపురం రేవులో కాలం ఎవరిదీ కాదు.
నేను మెట్ల మీద కూచుని లేసు అల్లుతాను.
భద్రంగారు బోర్లించిన నావ పక్కన
బల్లల సందుల్లో నార కూరుతుంటారు.

మొదట ఒక కరపత్రం ఇచ్చాను,
"నిత్యజీవం" అని ఎర్రక్షరాలు.
వద్దనలేదు. రెండువైపులా చదివి, మడిచి,
తారు మరిగే పొయ్యిలో అంటించి
చుట్ట ముట్టించుకున్నారు.
"ఏమనుకోకమ్మా, చదివాకే కాల్చాను."
ఆ రాత్రి ప్రార్థనలో ఆయన గురించి
దేవుడికి పితూరీ చెప్పాను.

రెండోసారి చేసింది ఇంకా తప్పు.
తొంభై ఆరు తుఫానులో తమ్ముడు పోయాడని
రేవంతా ఎరిగిందే.
"అంతా ఆయన చిత్తమండి" అన్నాను,
సంతలో బెండకాయల ధర చెప్పినంత తేలిగ్గా.

సుత్తి ఆగింది.
"ఆ రాత్రి ఎక్కడున్నాడు దయామణీ, మీ దేవుడు?"

ఎన్ని కీర్తనలు కంఠతా వచ్చు నాకు!
నోటిదాకా వచ్చినవన్నీ
వేరెవరి గాయానికో చించిన గుడ్డపీలికలు.
"తెలీదండి" అన్నాను.
ఇరవయ్యేళ్ళుగా సాక్ష్యం చెబుతున్నాను.
బహుశా అదే మొదటిది.

పంటు వచ్చింది. ఎక్కలేదు.

ఆ తర్వాత ఊరికే కూచునేదాన్ని.
ఆయన చెబితే వినేదాన్ని:
పేరు నూకరాజని,
ఈతపళ్ళంటే పడిచచ్చేవాడని,
భైరవపాలెం దాకా వెతుక్కుంటూ పోతే
ఒక చెప్పు దొరికిందని,
అది వాడిదో కాదో ఇప్పటికీ తేలలేదని.

ఒకరోజు నా లేసు ఎండకెత్తి చూశారు.
"ఇదంతా చిల్లులే కదా, డబ్బులెలా ఇస్తారు?"
"చిల్లులకేనండి ఇచ్చేది.
దారం ఎక్కడ ఆగాలో తెలియకపోతే
అది గోనెపట్టా."
పడీపడీ నవ్వారు.
"మా పనిలో ఒక్క చిల్లున్నా మునుగుతాం!"
దానికీ నా దగ్గర జవాబు లేదు.
నవ్వొచ్చింది, నవ్వాను.

ఆయన నమ్మలేదు. నేను మానలేదు.
మొన్న శ్రావణంలో, నీళ్ళు ఎర్రబడ్డ రోజు,
చేతుల తారు కిరసనాయిలుతో తుడుచుకుంటూ
ఎటో చూస్తూ అడిగారు:
"నా గురించి ఏమని చెబుతావు అక్కడ?"
"ఇప్పుడేం చెప్పనండి. పేరు చెప్పి ఊరుకుంటాను."
కాసేపు గోదారి చప్పుడే.
"అయితే నూకరాజు పేరు కూడా చెప్పు.
నమ్మి కాదు సుమా.
వాడి పేరు ఇంకో నోట్లో ఉంటుందని."

పంటు హారను కొట్టింది.
గబుక్కున లేవబోతే దారపుండ జారి
మెట్టు మెట్టుకీ విప్పుకుంటూ
నీళ్ళ అంచుదాకా పోయింది.
ఆయనే దిగి తెచ్చారు,
ఒండ్రు దులిపి,
చిక్కుపడకుండా చుట్టుకుంటూ.