పసుపుపచ్చ గొడుగు

హాలియా సెంటర్ల ఎరువుల కొట్టు.
బస్తాల మీద మేం నలుగురం.
గల్లా కాడ ఉప్పల సోమలింగం
బ్యాంకాక్ కత మొదలుపెట్టిండంటే
మందు డబ్బా చేతికి రాదు, చిట్టీ రాయడు.
నవ్వాలె.
బాకీ ఉన్నోడు జర ఎక్కువ నవ్వాలె.
నాకు పద్దెనిమిది వేల నాలుగు వందలు.
కడుపు పట్టుకొని నవ్వుత.

బాగ అమ్మిన డీలర్లకు
కంపెనీ ఇచ్చిన ఇనాము, నాలుగు రోజులు.
కొత్త పెట్టె కొన మనసు రాలె ఆయనకు.
గోదాముల పదేండ్ల సంది
గుళికల సంచుల నడుమ పడున్నదాన్నే
దులిపి, ఎండబెట్టి, అత్తరు కొట్టి తీస్కపోయిండు.
ఆడ దిగంగనే కుక్కొచ్చి వాసన చూసింది.
తుమ్మింది.
మళ్ల చూసి పెట్టె ముందర కూసుంది.
కుక్క కూసుంటే ఏందో ఆయనకేం ఎరుక,
"పాపం ఆకలైనట్టుంది" అని
సంచిలకెల్లి ఒక సకినం తీసి పెట్టిండు.
నలుగురు పోలీసులు ఉరికొచ్చిండ్రు.

ఎరువుల వాసన అని ఎట్ల చెప్పాలె?
వంగి నాటేసినట్టు చేసిండట,
బస్తా మోసినట్టు, చేతులతోటి చల్లినట్టు,
మునివేళ్ల మీద లేచి
గాలికి పైరు ఊగినట్టు ఊగిండట.
"ఆడి పోలీసులు మంచోళ్లు," అంటడు,
"ఒకామె చప్పట్లు గూడ కొట్టింది."
కుక్క మాత్రం సకినం కొరకలేక ఉమ్మేసింది.

హోటల్ల నల్లాకు తిప్పుడు లేదు.
చెయ్యి పెడితే నీళ్లు, తీస్తే బందు.
"మన సాగర్ కాలువ లెక్కనే,
మన చేతిల ఉన్నట్టే ఉంటది."

రెండోనాడుది అసలు కత.
గైడు పిల్ల పసుపుపచ్చ గొడుగు లేపి
దీన్ని ఇడిసిపెట్టొద్దు అంది.
ఇడువలేదు.
గుడి కాడ చెప్పులు ఎతికేసరికి ఆలిశమై
పసుపుపచ్చ కనవడ్డ దిక్కు ఉరికి, బస్సెక్కి,
చల్లగ ఉంటే కన్నంటుకుంది.
లేచి చూస్తే చుట్టూ చీనా ముసలోళ్లు.
నల్లగొండ డీలరు ఒక్కడు లేడు.
ఫోను హోటల్ల ఛార్జింగు పెట్టొచ్చిండు.

ఇరవై రెండు మందిమి కదా అని
వాళ్ల గైడు లెక్కబెడితే ఇరవై మూడొచ్చింది.
మళ్ల లెక్కబెట్టిండు. ఇరవై మూడే.
మూడోసారికి ఒక ముసలవ్వ
ఈయన నెత్తి మీద తమ ఎర్రటోపీ పెట్టి
కూసో అన్నట్టు భుజం తట్టింది.
పగటీలి పుల్లలతోటి సేమ్యా లేపితే
అది పోయి పక్కాయన అద్దాలకు చుట్టుకుంది.
ఆయన అద్దాలు తీసి, సేమ్యా తిని,
అద్దాలు మళ్ల పెట్టుకున్నడట.

పొద్దుగూకే యాళ్లకు బస్సు పంచరు.
పక్కకే వరిమడి.
ఆ అద్దాల ముసలాయన గట్టు దిగి
ఒక మొవ్వు పీకి, గోటితోటి చీల్చి,
అరచేతిల పురుగును చూపిచ్చిండు.
"మొగిపురుగు!" అని సోమలింగం.
ఆయన భాషల ఆయన ఏందో అన్నడు.
మొగిపురుగే అని ఉంటడు, ఇంకేమంటడు.
పురుగును ఈయన చేతిల ఏసిండట.
కత ఈడికొచ్చేసరికి ఎప్పుడూ గొంతు మెత్తవడ్తది.
ముప్పై ఏండ్ల సంది మందమ్ముతున్నడు,
పురుగును పట్టుకున్నది అదే మొదలు.
ఆ మాట ఆయన అనడు.
మేం గూడ నవ్వం ఆడ.

రాత్రి పదకొండుకు హోటల్ కాడ దించిపోయిండ్రు.
ఆలోపల ఒక డీలరు ఇంటికి ఫోన్ చేసి
మీ సేటు కనవడ్తలేడంటే
చంద్రకళమ్మ అన్నదట:
"ఆయన హాలియాలనే కనవడడు. అన్నం యాళ్లకొస్తడు తియ్."

గల్లా వెనుక గోడకు ఫోటో ఉంది,
ఎర్రటోపీలు ఇరవై మూడు.
ఎవరన్న అడిగితే "మనోళ్లే" అంటడు.

నిన్న వాన పడ్డది.
బస్టాండు దిక్కు ఎవరో ఆమె
పసుపుపచ్చ గొడుగేసుకొని పోతుంటే
సోమలింగం పెన్ను పక్కకు పెట్టి
గల్లా దిగి, గడప దాకా పోయి,
వానల తడుసుకుంట నిలబడ్డడు.
మేం ఎవ్వరం నోరు తెరవలే.
గొడుగు సందు తిరిగింది.
ఒచ్చి కూసోని, అద్దాలు తుడుసుకొని,
"ఎన్ని బస్తాలంటివి?" అన్నడు నన్ను చూసి.
బాకీ సంగతి మర్చిపోయిండు.
నేను యాది చెయ్యలే.