రంగు మారిన బియ్యం

మండపేట మిల్లులో నా కొలువు
తెలుపు కానిదాన్ని బయటికి తన్నించడం.
సార్టెక్స్ మిషను కన్ను నేను దిద్దిందే.
గింజ జారుతుంటుంది, కెమెరా చూస్తుంటుంది,
పచ్చగా కనపడితే చాలు
టప్‌మని ఓ గాలిదెబ్బ.
పక్క గొట్టంలో పడి
చేపల చెరువుకో కోళ్ళఫారానికో పోతుంది.
పంతొమ్మిదేళ్ళుగా ఇదే చప్పుడు,
నిద్రలో కూడా నా వేళ్ళు అదురుతాయంటుంది మా ఆవిడ.

పచ్చ అంటే మాకు తుఫాను.
పనల మీదున్న చేను నాలుగు రోజులు నీళ్ళలో నానితే
మొలకెత్తగా మిగిలింది ఆ రంగుకొస్తుంది.
బేరగాడు గుప్పెడు తీసి చూసి నాలుక చప్పరిస్తాడు,
బస్తాకి మూడొందలు కోస్తాడు.
ఇంకో పచ్చ ఉంది, అక్షింతలది.
అది నెత్తిన పడాల్సిందే గాని
నోట్లోకి పోయేది కాదు.

మొన్న రాత్రి షిఫ్టులో
పరిశోధన కేంద్రం నుంచి మెహరున్నీసా గారని వచ్చింది,
చంకలో సీలేసిన డబ్బా, చేతిలో పర్మిషన్ కాగితాలు.
మూత తీస్తే
చామంతి రేకులు తుంచి పోసినట్టు బియ్యం.
"రంగెయ్యలేదండీ, లోపల్నుంచే అంత.
మొక్కజొన్న దగ్గర ఓ మాట,
మట్టిలో కంటికానని పురుగు దగ్గర ఓ మాట
అరువు తెచ్చి వరి చెవిలో ఊదాం.
పిల్లల కళ్ళ కోసం."
ఏదో విటమిన్ పేరు చెప్పింది.
రేచీకటి అన్న మాట నేనే అన్నాను.

మా అక్క నూకరత్నానికి ఏడేళ్ళప్పుడు
దీపాల వేళకి దారి మాసిపోయేది.
గోడ పట్టుకుని నడిచేది,
గోడ లేనిచోట నా చొక్కా.
మేక కార్జం కాల్చి పెట్టమన్నారు.
కార్జం కొనే ఇల్లయితే ఆ జబ్బెందుకొస్తుంది?
పొన్నగంటి కూర పెట్టమన్నారు.
కామందు గట్టున బోలెడు కూర,
ఒళ్ళో కోసుకున్న మా అమ్మని
గట్టు తొక్కి పాడుచేశావని
అక్కడే దులిపించి పంపాడు.
ఆ ఏడే తట్టు పోసింది.
నూకలుండి బతికింది గాని
ఎడం కంట్లో మెతుకంత తెల్లమచ్చ లేచి
అదే నిలిచిపోయింది.
ఉన్నపూట తెల్లన్నమే తిన్న పిల్ల.

ఇప్పుడా గట్టు మీద కలుపుమందు కొడతారు.
పొన్నగంటి కట్ట ఇరవై, రైతుబజార్లో.

డబ్బా తొట్టిలో పోశాం.
టప్ టప్ టప్ టప్,
మిషను ఒక్క గింజనీ ఒప్పుకోలేదు.
ఆవిడ నవ్వింది, నవ్వాక కళ్ళజోడు తుడుచుకుంది.
"దీనికి నేర్పించలేరా?"
నేర్పొచ్చు. మీట తిప్పితే పచ్చని వదిలేస్తుంది.
అప్పుడు తుఫాను పచ్చ కూడా
దీని వెనకే దర్జాగా నడిచొస్తుంది.
ఈ పచ్చకీ ఆ పచ్చకీ నడుమ
గీత ఎక్కడ గియ్యాలో
కోడికూసే దాకా వెతికాం.
దొరికినట్టే దొరికి జారిపోయింది.

"రుచెలా ఉంటుందండీ?" అనడిగాను.
"తెలీదు. ఇంకా తినకూడదు.
తూచి తెచ్చాను, తూచి పట్టుకెళ్ళాలి, కాల్చెయ్యాలి.
పదేళ్ళ పని," అంది,
"ఒక్క మెతుకు ఎరగను."
కాటా మీద లెక్క సరిపోయిందనే వెళ్ళింది.

ఇంటికొచ్చి చొక్కా విప్పుతుంటే
మోచేతి మడతలోంచి ఒకటి రాలింది.
ఒక్క గింజ బరువు ఏ కాటాకి తెలుస్తుంది?

కరెంటు లేదు. అరుగు మీద అక్క
చేటలో కోటా బియ్యం ఏరుతోంది, వేళ్ళతోనే.
బలం గింజలు కలుపుతున్నారే అని ఎంత చెప్పినా
ప్లాస్టిక్ అంటుంది,
ఒక్కోటీ పట్టి పక్కకి విసురుతుంది.
నా మిషనుకి తోబుట్టువు.

గింజ ఆమె అరచేతిలో పెట్టాను.
రెండు వేళ్ళ మధ్య దొర్లించింది.
"బియ్యమేగా. ఏం?"
"పచ్చగా ఉందే."
కుడికన్ను దగ్గరికి తెచ్చుకుంది,
ఇంకా వెలుగు రాలేదు.
"ఏ పచ్చ?" అంది.

కోడి అప్పటికే మెడ సాచి చూస్తోంది.