అడుగున పడే అక్షరాలు

సోమవారం, పొద్దున ఆరున్నర.
కగ్గదాసపురలో మూడో అంతస్తు ఫ్లాటు.
గోడకి దుప్పటి కట్టారు.
ప్రొజెక్టర్ ఓబులేసు ఆఫీసుది,
తొమ్మిదిన్నరలోపు ఎక్కడిదక్కడ పెట్టేయాలి.
పదకొండు మందిమి. కుర్చీలు నాలుగు.
తట్టె ఇడ్లీ పొట్లం విప్పకుండానే చల్లారుతోంది.

ఉప్పుకోట మీదికి బూడిదసేన వచ్చేది ఇవాళే.
ఆరేళ్ళుగా వస్తోంది, వస్తోంది అంటున్నారు.
జ్వరమని మేనేజరుకి మెసేజ్ పెట్టి
కిన్నెర నిజంగానే వణుకుతోంది.

నాకు మూడు వారాల కిందటే తెలుసు.
ఫోను బయట పెట్టించుకున్న ఏసీ గదిలో
బొమ్మ మీద అడ్డంగా నా పేరు పడుతుంటే
ఈ యుద్ధాన్ని ముక్కలుగా చూశాను.
అడుగున పడే తెలుగు అక్షరాలు నావి.
ఎవరికీ చెప్పనని సంతకం పెట్టాను, అమ్మకి కూడా.
అమ్మ అడగలేదనుకోండి.

ఒక మాటకి రెండు సెకన్లు.
ఎంతటి వీరుడైనా ఆలోపే చెప్పి చావాలి.

"ఏం కనపడట్లేదు, కర్టెన్ వెయ్యండ్రా!"
"వేసే ఉంది."
"ఇది యుద్ధమా, కరెంటు కోతా?"
నవ్వారు.
దుప్పటి ముడతలో సేనాపతి మూతి వంకరపోతే మళ్ళీ నవ్వారు.
ఉత్తరపు బురుజు కూలింది.
జోసఫ్ రాజు ఎవరి భుజమో పట్టుకున్నాడు.
ఎవరిదో ఇద్దరికీ తెలీలేదు.

అప్పుడొచ్చాడు ఓర్విన్, కుంటి కావలివాడు.
ఆరేళ్ళలో అతనికి పట్టున పది సీన్లు లేవు.
కూతుర్ని లోపలికి తోసి
బయటినుంచి గడియ పెట్టి
లాంతరెత్తి తలుపు సందులోంచి ఒక్క మాటన్నాడు.

వాళ్ళ భాషలో ఆ మాటకి పోవడమే ఉంది, రావడం లేదు.
"పోతున్నా" అని కొట్టాను ఆ రోజు.
చెరిపాను.
మా హిందూపురంలో సందు చివర అంగడికి
అగ్గిపెట్టెకి బయల్దేరినా అట్లా అనరు.
అంటే వెనక్కి పిలిచి, కూచోబెట్టి,
చెంబెడు నీళ్ళు తాగించి మళ్ళీ పంపుతారు.
స్ట్రెచర్ మీంచి మా చిన్నత్త కూడా సరిగ్గానే అంది.
"పోయొస్తా" అని రాశాను.
వరుసలో బోలెడు చోటు మిగిలిపోయింది.

గదిలో ఫ్యాను చప్పుడు.
కిన్నెర దిండులో ముఖం పెట్టేసుకుంది.

"ఆపు!" ఓబులేసు లేచాడు. "వెనక్కి తిప్పు.
చూడండి, ఏమన్నాడు? పోయొస్తా అన్నాడు!
పోతా అన్లేదు. అంటే వస్తాడు!"
"శవాన్ని చూపించారా?"
"లాంతరు ఆరిందా? ఆర్లేదు కదా?"
"ఒరే, ఇంత పెద్ద సీరియల్లో
ఊరికే రాస్తారా ఒక్క అక్షరం?"

ఊరికే రాసినావిడ
గోడకి ఆనుకుని కూచుంది.

గోల ఏంటని తిట్టడానికొచ్చిన ఓనరు కొడుకు ప్రసన్న
గడపలోనే నిలబడిపోయి యుద్ధం చూస్తున్నాడు.
"మేమూ అంతే, హోగి బర్తీని అంటాం," అన్నాడు మెల్లిగా.
"మా తాతా అదే అన్నాడు మరి."
ఎవరూ మాట్లాడలేదు.
"పందెం," అన్నాడు ఓబులేసు కాసేపటికి. "ఐదొందలు."

"నువ్వేమంటావే, ఒక్కదానివీ నోరు విప్పవు?"
కిన్నెర ఎర్రటి కళ్ళతో నా వైపు తిరిగింది.
ఇడ్లీ పెట్టుకున్నాను నోట్లో.
చట్నీ లేకుండా.

తొమ్మిదీ పదికి రైల్వే గేటు పడింది.
మా ముందు ఆటోలో ఓబులేసు,
చంటిపిల్లలా ఒళ్ళో ప్రొజెక్టర్.
వెనక్కి తిరిగి నాకు ఐదు వేళ్ళూ చూపించాడు.

చివరి భాగం కూడా నాదే.
అందులో ఆ పిల్లని అడుగుతారు, మీ నాన్నేడి అని.
"లేడు" అని రాసి ఉంచాను.
"ఇంకా రాలేదు" అన్నా సరిపోతుంది, రెండు సెకన్లలో.
పంపడానికి సాయంత్రం ఆరు దాకా టైముంది.

బండ్లన్నీ హారన్లు కొడుతున్నాయి.
రైలు జాడ లేదు.